సగం బొమ్మ

మా కారుకు బర్రె కనబడితే లారీ అనుకుంటుంది. ఆటో కనబడితే ఒక్కోసారి బస్సు అనుకుంటుంది, ఒక్కోసారి ఏమీ అనుకోదు. గడ్డి మోపులతో రోడ్డు నిండా ఊగుతూ పోయే ట్రాక్టరు మాత్రం దానికి కనబడనే కనబడదు. ఇవి నా ఊహలు కావు. స్టీరింగ్ ముందున్న చిన్న తెర మీద అది వేసి చూపించే బొమ్మలు. ముందు కారుంటే కారు బొమ్మ, లారీ ఉంటే లారీ బొమ్మ, మనిషి ఉంటే నిలబడ్డ మనిషి బొమ్మ వేస్తుంది.

మా ఆయన హరీశ్ దీన్ని ఏరికోరి కొన్నాడు. "దానంతట అదే బ్రేకు కొడ్తది, దానంతట అదే లైన్ల పోతది. నువ్వు ఊకె కూసుంటే చాలు నవనీతా" అన్నాడు. ఊరికే కూర్చోవడానికి కారెందుకు, ఇంట్లో మంచం ఉంది కదా అన్నాను. నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

పూజ రోజు మా అమ్మ పూలమ్మ చక్రాలకు, బానెట్‌కు పసుపు రాసి, చివరికి ముందు అద్దం మీద కెమెరా ఉండే చోట కూడా నిండుగా బొట్టు పెట్టింది. బండి స్టార్ట్ చేయగానే కెమెరా మూసుకుపోయిందని ఒకటే మొత్తుకోలు. హరీశ్ తడిగుడ్డ తెచ్చి తుడిచేశాడు.

"పెట్టిన బొట్టు తుడుస్తరా బిడ్డా" అని అమ్మ నొచ్చుకుంది. "అది ఏది వడితే అది సూడకుండనే గదా నేను పెట్టింది."

మేము నవ్వుకున్నాం. 

అన్నింటికంటే నాకు చికాకు పుట్టించేది చేతుల గోల. స్టీరింగ్ మీద నుంచి చేతులు తీస్తే కాసేపటికే టింగు టింగుమని మోగుతుంది. తెర మీద రెండు చేతుల గుర్తు ఎర్రగా వెలుగుతుంది. మళ్లీ పట్టుకునేదాకా ప్రాణం తీస్తుంది. హరీశ్ దానికో ఉపాయం కనిపెట్టాడు. సగం నీళ్లున్న బాటిల్ ఒకటి స్టీరింగ్ సందులో ఇరికిస్తాడు. ఆ బరువుకు కారు చేతులే అనుకొని ఊరుకుంటుంది. మనిషి చేతులకూ నీళ్ల సీసాకూ తేడా తెలియని దాని మీద భారం వేసి, మా ఆయన హాయిగా ఫోన్ మాట్లాడుకుంటాడు. ఎవరి పిచ్చి వారికానందం.

పోయిన వానాకాలం పంట కోతలకు వచ్చేసరికి ఈ కారు నా మెడకు పడింది.

మేముండేది మడికొండలో, కొత్తగా వేసిన కాలనీలో. మా ఊరు స్టేషన్ ఘన్‌పూర్‌కు ఇటువైపే, మెయిన్ రోడ్డు దిగి రైల్వే గేటు దాటి లోపలికి పోవాలి. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయి మా ఇంట్లోనే ఉంది. బాపు మాత్రం రానన్నాడు. వడ్లు రోడ్డు మీద ఉన్నాయి, తేమ తగ్గి, కాంటా మీద తూకం అయ్యేదాకా కుప్ప విడిచిపెట్టి రానన్నాడు. పేరు మొండయ్య, మనిషీ అంతే.

మా ఊరి రోడ్డు ఎప్పుడు చూసినా సగమే రోడ్డు. కోతలు మొదలైతే చాలు, ఆ సగం మీద మైలు పొడుగునా వడ్లు ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా పక్కన వరసగా రాళ్లు పెడతారు. రాత్రికి కుప్ప చేసి నల్లటి టార్పాలిన్ కప్పి, పక్కన మంచం వేసుకొని కావలి పడుకుంటారు. ఈసారి రాళ్లన్నింటికీ తెల్లగా సున్నం కొట్టారు. మా కారు ఆ తెల్ల రాళ్ల వరసను చూసి అదే రోడ్డు గీత అనుకునేది. ఊరి ముందు కాలువ మీది మోరి దాటానో లేదో, స్టీరింగ్ దానంతట అదే రాళ్ల వైపు లాగడం మొదలుపెట్టేది. నేను ఇటు లాగాలి, అది అటు లాగుతుంది. ఇద్దరం కొట్లాడుకుంటూ బాపు దగ్గరికి చేరేవాళ్లం.

రోజూ అన్నం డబ్బా పట్టుకొని నేనే ఎందుకు పోవాలంటే, బాపుకు షుగర్. పొద్దుగూకాక పొట్టకు సూది వేసుకోవాలి. వేసుకున్నాక వెంటనే తినాలి. తినడం ఆలస్యమైతే చెమటలు పట్టి, కళ్లు తిరిగి, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోతాడు. నిరుడు ఒకసారి అలా పడితే దవాఖానలో డాక్టరు గట్టిగానే చెప్పాడు, ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కడని. అందుకే మా ఇద్దరికీ ఒక ఒప్పందం. నేను మెయిన్ రోడ్డు దిగి ఫోన్ చేస్తాను, అప్పుడు ఆయన సూది వేసుకుంటాడు, వేసుకొని చేతులు కడుక్కునేలోపు నేనక్కడుంటాను.

మొదటిసారి హరీశ్ కూడా వచ్చాడు. మోరి దాటగానే కారు దానంతట అదే బ్రేకు కొట్టింది. అన్నం డబ్బా ఎగిరి కిందపడింది. వెనకాల వస్తున్న ఇసుక ట్రాక్టరు ఆగలేక మా బంపర్‌కు తగిలింది. ముందు చూస్తే ఏమీ లేదు. ఖాళీ రోడ్డు, అవతల తెల్ల రాళ్లు.

తెర మీద మాత్రం ఒక బొమ్మ ఉంది. మనిషి బొమ్మే, కానీ ఎప్పుడూ వేసేలాంటి నిలబడ్డ బొమ్మ కాదు. నడుము నుంచి పైకి మాత్రమే ఉంది, రోడ్డులోంచి మొలిచినట్టు. సగం బొమ్మ.

"రాళ్లను సూసి మనిషి అనుకుంటాంది. అప్‌డేట్ వస్తే పోతది" అన్నాడు హరీశ్. ట్రాక్టరు డ్రైవరు తిట్టిన తిట్లకు మొహం ఎర్రగా చేసుకొని, మెనూలో ఏవేవో నొక్కి, దానంతట అది బ్రేకు కొట్టే ఏర్పాటు తీసేశాడు. బొమ్మలు రావడం, స్టీరింగ్ లాగడం మాత్రం అలాగే ఉన్నాయి. అవి తీయడం నాకు రాదు, ఆయనకు తీరిక లేదు.

ఆ తర్వాత నేను ఒక్కదాన్నే పోయినప్పుడల్లా ఆ సగం బొమ్మ వచ్చేది. కారు ఆగేది కాదు, నేను దాన్ని దాటుకొని పోయేదాన్ని. ఇంకో సంగతి గమనించాను. ఆ బొమ్మ ఒక్కచోటే ఉండడం లేదు. మొదట మోరి పక్కనే వచ్చింది. తర్వాత్తర్వాత కొంచెం కొంచెం ముందుకు, బాపు మంచం వైపు జరుగుతోంది.

ఒకరోజు బాపు తింటుండగా మాట వరసకు చెప్పాను. కారుకు పిచ్చి లేసిందని, మోరి దాటగానే కూర్చున్న మనిషిని చూపిస్తోందని. నోటి దాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగిపోయింది.

"కూసున్నడా?" అన్నాడు.

"బొమ్మ బాపూ. ఉత్త బొమ్మ."

ముద్ద మళ్లీ డబ్బాలో పెట్టేశాడు. చీకట్లోకి చూస్తూ, చిన్నగా చెప్పాడు.

"పోయిన యాసంగి కోతలప్పుడు ఒక పిలగాడు పోయిండు, గాడనే. మడికొండల కొలువట. పొద్దుగాల్ల బండి మీద పోతాండు. వడ్లు ఎత్తిండ్రు గని రాళ్లు తియ్యలే. తెల్లారకముందటి చీకట్ల రాళ్లకు తాకిండు. నేను ఉరికిపోయే వరకు లేచి కూసున్నడు. ఒక్క దెబ్బ కనబడలే. నీళ్లడిగిండు, నేనే తాపిన. చేతులు మాత్రం గిట్ల వెట్టిండు."

రెండు పిడికిళ్లూ ముందుకు చాపి చూపించాడు, బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు.

"ఇప్పు బిడ్డా అంటే ఇప్పలే. లేట్ అయితాంది, జర మడికొండల దించుండ్రి అన్నడు. ఇంకేందో అడిగిండు… నాకు సమజ్ కాలే. కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. గా తర్వాతనే రాళ్లకు సున్నం కొడుతున్నం."

"రాళ్లు ఎవరివి?"

"ఎవలయో. అందరం పెడ్తం. ఎవలయని చెప్పాలె." ఆ మాట అంటూ బాపు నా వైపు చూడలేదు, డబ్బా మూత పెట్టేశాడు. ఆ రాత్రి సగం అన్నం మిగిలింది.

నాకు భయమేసింది. ఇంటికొచ్చేయమని బతిమాలాను. పక్క కుప్ప యాదగిరి మామ ఉన్నాడు కదా, తోడుకు ఫికర్ లేదన్నాడు. రెండు రోజుల్లో కాంటా అయితుందన్నాడు. వాళ్ల రెండు రోజులు ఎప్పుడూ రెండు రోజుల్లా ఉండవు.

ఆ మాటన్న నాలుగో రోజు ఆకాశం పొద్దున్నుంచీ మూసుకునే ఉంది. ఎక్కడో తుఫాను అన్నారు. హరీశ్ హైదరాబాద్ పోయాడు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి, అన్నం డబ్బా, టార్పాలిన్ ఒకటి కారులో వేసుకొని బయల్దేరాను. మెయిన్ రోడ్డు దిగగానే అలవాటు ప్రకారం ఫోన్ చేశాను.

"దిగిన బాపూ. ఏసుకో."

"మంచిది బిడ్డా. యాదగిరి వడ్లు ఇయ్యాల్నే కాంటా అయినయ్. ఆయన ఇంటికి పోయిండు. నువ్వు జల్ది రా, మొగులైంది."

ఫోన్ పెట్టేసి నాలుగు అడుగులు పోయానో లేదో, రైల్వే గేటు పడింది.

గేటు పడితే ఒక రైలు పోతుంది, లేస్తుంది. ఆ రోజు గూడ్సు వచ్చింది. పోతూనే ఉంది, పోతూనే ఉంది, అయిపోయిందనుకుంటే గేటు లేవలేదు, అవతలి నుంచి ఇంకొకటి వస్తోందన్నారు. బాపుకు మళ్లీ ఫోన్ చేశాను. సూది వేసుకోవద్దని చెబుదామని. "ఏసుకున్న గదా. నువ్వు రా, ఏం కాదు" అన్నాడు. ఏదన్నా తీపి నోట్లో వేసుకొమ్మన్నాను. ఏముంది ఇక్కడ వడ్లు తప్ప అన్నాడు. ఆ తర్వాత చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు.

కాళ్లు ఒకచోట నిలవలేదు. కారు దిగాను, ఎక్కాను, మళ్లీ దిగాను. గేటు కింద నుంచి దూరి పరుగెత్తుదామా అనిపించింది. సన్నగా చినుకులు మొదలయ్యాయి. రెండో రైలు పోయాక గేటు లేచింది.

గేటు దాటి కారును ఉరికించాను. వాన వల్లనేమో, ఊళ్లో కరెంటు లేదు. ఎక్కడా ఒక్క దీపం కనబడలేదు. తడిసిన వడ్ల వాసన, పచ్చిగడ్డి వాసన అద్దాల సందుల్లోంచి లోపలికి వస్తున్నాయి. ఎక్కడో టార్పాలిన్ గాలికి పటపట కొట్టుకుంటోంది. వైపర్లు కిర్రుమని అటూ ఇటూ తిరుగుతున్నాయి.

మోరి వచ్చింది. రోజూలాగే స్టీరింగ్ రాళ్ల వైపు లాగుతుందని గట్టిగా పట్టుకున్నాను.

లాగలేదు.

తెల్ల రాళ్ల వరస అక్కడ లేదు. వడ్లు ఉన్నాయి, పైన నల్లటి కవరు ఉంది, పక్కన రాళ్లు మాత్రం లేవు. ఎవరు తీశారు… బాపు ఒక్కడు అన్ని రాళ్లు ఎందుకు తీస్తాడు?

టప్పున తెర మీద సగం బొమ్మ వచ్చింది.

అలవాటే కదా, దాటుకొని పోదామని యాక్సిలరేటర్ మీద కాలు పెట్టాను. ఆలస్యమైపోతోంది. బాపు అక్కడ… అప్పుడు బొమ్మ పక్కన ఇంకో బొమ్మ వచ్చింది. 

రెండు.

ఇన్నిరోజుల్లో ఎప్పుడూ రెండు రాలేదు. రెండోది నేలకు ఆనుకొని, ఆ మాత్రం ఎత్తు కూడా లేదు. ముందు చూస్తే నల్లటి రోడ్డు, వాన. మనిషి లేడు. కారుకు పిచ్చి. కారుకు పిచ్చి కదా…

కారు బ్రేకు కొట్టదు. హరీశ్ తీసేశాడు. నేనే కొట్టాను. రెండు కాళ్లతో కొట్టాను.

కారు జారుకుంటూ పోయి ఆగింది. బానెట్ ముందు, లైటు వెలుగులో, తెల్ల రాళ్లు కనబడ్డాయి. వరసగా కాదు. రోడ్డు నడిమధ్యన చుట్టూ పేర్చి ఉన్నాయి, వడ్ల కుప్ప చుట్టూ పెట్టినట్టు. లోపల నల్లటి టార్పాలిన్ ముక్క. దాని కింద నుంచి ఒక కాలు బయటికి ఉంది.

మా బాపు కాలు.

ఎలా దిగానో గుర్తు లేదు. టార్పాలిన్ తీశాను. నుదురు పగిలి నెత్తురు చెంపల మీదికి కారుతోంది, ఒళ్లంతా చెమట, చల్లగా ఉన్నాడు. కానీ ఊపిరి ఉంది. డబ్బాతో పాటు ఎప్పుడూ ఉంచుకునే గ్లూకోజు పొడి తీసి నోట్లో పోశాను. పెదాలు తడిగా ఉన్నాయి. గడ్డం కింద నుంచి నీళ్లు కారి బనీను ముందు భాగం తడిసింది. వాన నీళ్లనుకుందామంటే, టార్పాలిన్ కింద మిగతా ఒళ్లంతా ఆ చెమట తప్ప పొడిగానే ఉంది.

"బాపూ… బాపూ."

కళ్లు తెరిచాడు. నన్ను చూడలేదు. నా భుజం మీదుగా కారు వైపు చూశాడు.

"నీళ్లు… తాపిండు" అన్నాడు.

"ఎవరు?"

"దించుమంటాండు బిడ్డా… మడికొండల."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగి చూసే ధైర్యం లేదు. ఇంటికి పోయాడని తెలిసీ యాదగిరి మామా అని అరిచాను, ఇంకెవరెవరినో పిలిచాను. వాన చప్పుడు తప్ప పలికినవాళ్లు లేరు. బాపు చంకల కింద చేతులు వేసి లేపి, ఈడ్చుకుంటూ తీసుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టాను. ఆయన చేతులు చూశాను. మట్టి ఉంది. సున్నం మాత్రం ఎక్కడా లేదు. రాళ్లు ఆయన పెట్టుకున్నవి కావు.

ఆయనకు చూపించే దవాఖాన హనుమకొండలో ఉంది. మడికొండ మీది నుంచే పోవాలి, ఇంకో దారి లేదు. 

ఈసారి గేటు తెరిచే ఉంది. మెయిన్ రోడ్డు ఎక్కి స్పీడు పట్టించి, దానంతట అదే పోయేలా క్రూజ్‌లో పెట్టాను. అద్దంలో బాపును చూస్తూ మాట్లాడిస్తున్నాను. పడుకోకు బాపూ, పడుకోకు. ఊ అంటున్నాడు. ఒక మలుపులో ఆయన ఒళ్లు సీటు మీద నుంచి జారింది. కింద పడితే తల మళ్లీ దేనికి తగులుతుందో. హరీశ్‌ను ఎప్పుడూ తిట్టే నేను అదే పని చేశాను. స్టీరింగ్ విడిచి, వెనక్కి తిరిగి, రెండు చేతులతో బాపును పైకి తోశాను. బరువు… తోస్తున్నాను, జారుతున్నాడు, మళ్లీ తోస్తున్నాను.

ఆయన కుదురుకున్నాక ఒక సంగతి తట్టింది.

టింగు టింగు మోగలేదు.

ఎంతసేపటి నుంచి నా చేతులు స్టీరింగ్ మీద లేవు? మెల్లగా ముందుకు తిరిగాను. తెర మీద చేతుల గుర్తు ఎర్రగా లేదు. అసలు రాలేదు. హరీశ్ బాటిల్ ఇరికించి ఉందేమో అని చూశాను. లేదు. బాటిల్ నా కాళ్ల దగ్గర దొర్లుతోంది. మూత లేదు. చుక్క నీళ్లు లేవు.

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. మోగమని దేవుడికి మొక్కుకున్నాను. ఆ చప్పుడు కోసం నేను ఎదురు చూస్తానని ఎన్నడూ అనుకోలేదు.

మోగలేదు…

ముందు రోడ్డు మీద గుంత వచ్చింది. నీళ్లు నిండిన పెద్ద గుంత. మా కారుకు గుంతలు కనబడవు. ఎప్పుడూ దూకించుకుంటూనే పోతుంది. ఇప్పుడు స్టీరింగ్ నెమ్మదిగా కుడికి తిరిగింది, గుంత దాటాక నెమ్మదిగా ఎడమకు వచ్చింది. ఆ రోడ్డు మీద రోజూ తిరిగినవాళ్లు తిప్పినట్టు.

పట్టుకోవాలి. పట్టుకోవాలని తెలుసు. కానీ చేతులు లేవలేదు. పెట్టబోతే ఖాళీగా ఉన్న చోటు తగులుతుందో, ఇంకేదన్నా తగులుతుందో… ఆ భయం నాకు ఇప్పటికీ మాటల్లో చెప్పడం రాదు.

"బిడ్డా" అన్నాడు బాపు వెనక నుంచి, గుసగుసగా. "ఎవలు నడుపుతాండ్లు?"

"నేనే బాపూ."

"అబద్ధం చెప్పకు."

మడికొండ లైట్లు కనబడ్డాయి. మా కాలనీ మలుపు దగ్గరికి వచ్చేసరికి కారు కొంచెం నెమ్మదించింది. ముందు ఏ బండీ లేదు. ఎడమ పక్కకు జరిగింది. ఎవరినో దించడానికి జరిగినట్టు జరిగి, ఒక్క క్షణం… మళ్లీ ఎప్పటిలా వేగం అందుకుంది.

టింగు. టింగు. టింగు.

చేతుల గుర్తు ఎర్రగా వెలిగింది. రెండు చేతులతో స్టీరింగ్ లటుక్కున పట్టుకున్నాను. మంచులా ఉంది. నా చేతులకు ఏదో అంటింది. లైటు వేసి చూస్తే సున్నం. నల్లటి స్టీరింగ్ మీద, ఇటు నాలుగు, అటు నాలుగు, తెల్లటి వేళ్ల గుర్తులు.

ఏడుపొచ్చింది. దిగిపోయాడు, పీడ వదిలింది అనుకున్నాను. కొంత దూరం పోయాక ఫోన్ మోగింది. అమ్మ. కారులోనే స్పీకర్‌లో వినబడుతుంది.

"నవనీతా, మీరేమన్న పంపిండ్లా ఎవలనన్న?"

"ఎవరిని?"

"ఎవలో పిలగాడు. మన ఇంటి గేటు కాడ కూసున్నడు వానల. నీళ్లడిగిండు. కర్ర పట్టుకొని మెల్లగ పోయి చెంబుతోని పోసిన. చేతులు ఇప్పడు, నోట్లనే పోసిన. పాపం ఎట్లనో ఉన్నడు."

అద్దంలో బాపు లేచి కూర్చోవడం కనబడింది.

"అమ్మా, లోపలికి పో. తలుపేసుకో."

"పోయిండు తియ్ ఇప్పుడే. పోయేముందు అడిగిండు, మోరి కాడ రాళ్లు ఎవలయి అని."

బాపు ముందుకు వంగి నా సీటు పట్టుకున్నాడు. ఆయన ఊపిరి నా చెవికి తగులుతోంది. "చెప్పొద్దను" అన్నాడు. "ఆ రాళ్లు నాయని చెప్పొద్దను బిడ్డా."

అమ్మకు ఆ మాట వినబడలేదు. చెప్పుకుంటూ పోతోంది.

"ఆ సచ్చిపోయిన పిలగాని మనిషే అయ్యుంటడు అనుకున్న. ఎన్నడో ఓనాడు ఎవలన్న వచ్చి అడుగుతరని నాకు ఎర్కనే. మీ బాపు ఎవలకు చెప్పలే గని, నాకు చెప్పిండు. ఎన్ని రోజులు దాస్తం? మా ఆయనయే నాయినా, తీసుడు మరిచిండు, తప్పయింది అని చేతులు జోడించిన."

"ఏమన్నాడు?" అన్నాను.

"ఏమనలే. పిడికిళ్లు ఇప్పిండు. లేచి నిలవడ్డడు. గేటు దాటంగనే కనబడలే. ఎందుకే, ఏమైంది?"

ఫోన్ కట్ చేసింది నేనో, దానంతట అదే పోయిందో తెలియదు. కాజీపేట వైపు రోడ్డు ఖాళీగా ఉంది. వాన తగ్గింది. లైట్ల వెలుగులో తడి రోడ్డు ఎంత దూరమైనా కనబడుతోంది, దాని మీద ఒక్క పురుగు లేదు.

తెర మీద బొమ్మ వచ్చింది.

ఈసారి సగం కాదు. నిండు మనిషి. నిలబడి ఉంది.

బ్రేకు తొక్కాను. కారు ఆగుతోంది, బొమ్మ దగ్గరికి వస్తోంది. కారు ఆగిపోయాక కూడా బొమ్మ వస్తూనే ఉంది… అంచు దాకా వచ్చి, మాయమైంది. తెర ఖాళీ. ఇంజను చప్పుడు, నా ఊపిరి చప్పుడు. అంతే.

వెనక నుంచి బాపు పిలిచాడు. ఆ గొంతు నొప్పితో ఉన్న మనిషి గొంతులా లేదు, చాలా మామూలుగా ఉంది.

"బిడ్డా, జర నీళ్లు తాపు."

అద్దంలో చూశాను. బాపు సీటు నడుమ నిటారుగా కూర్చున్నాడు. రెండు పిడికిళ్లూ ముందుకు చాపి ఉన్నాయి.

"ఇప్పు బాపూ" అన్నాను. "చేతులు ఇప్పు."

ఇప్పలేదు.